ఇంటి తెరపై వెన్నెల

1957లో విడుదలైన 'మాయాబజార్' చిత్రమున ప్రియదర్శిని యను పేటిక యొకటి కలదు. మూత తెరచి చూచినవారికి అది వారి మనస్సునకు ప్రియమైనదానిని చూపును. శశిరేఖకు అందులో అభిమన్యుడు కనబడెను. ఆనాటి ప్రేక్షకులు దానిని కవికల్పనగా నెంచి ఆనందించిరి. నేడు అట్టి పేటికయే అరచేత నిముడునంతటి రూపమున ఎన్నో యిండ్లలో టెలివిజను చెంత చేరినది. కోరిన చిత్రమును కోరిన క్షణమున చూపుచున్నది. ఆపిల్ సంస్థవారి పెట్టె 2007లోను, రోకు 2008లోను, అమెజాన్ వారి ఫైర్ టీవీ 2014లోను విపణికి వచ్చినవి. అయితే ఈ స్ట్రీమింగు పెట్టెలు చూపునది చిత్రమా, చిత్రసంగ్రహమా? ఈ ప్రశ్న వేసికొనువారు అరుదు.

బాలుర కొరకు మహాభారతమును సంగ్రహించిన వాచకములు ఉపాధ్యాయు లందరు ఎరిగినవే. వానిలో కథ తప్పిపోదు, పాత్రలు తప్పిపోవు. కాని వర్ణనలు పోవును. ఇది లేకున్నను పిల్లవానికి లోటు తెలియదని తలచి సంగ్రహకర్త కొన్ని ఘట్టములను తొలగించును. ఇంటర్నెట్టు ద్వారా చిత్రమును పంపువారు చేయు పనియు నిట్టిదే.

కొంచెము లెక్క వేసి చూడవచ్చును. '4కె' యని పిలువబడు తెరపై అడ్డముగా 3,840, నిలువుగా 2,160 చొప్పున సుమారు 83 లక్షల పిక్సెళ్లు, అనగా బిందువులు, ఉండును. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెలకు ఎనిమిదేసి బిట్ల చొప్పున ఒక్కొక్క బిందువునకు 24 బిట్లు కావలెను. చలనచిత్రము సెకనుకు 24 బొమ్మలు. గుణించినచో సెకనుకు సుమారు 478 కోట్ల బిట్లు తేలును. ఇంటికి వచ్చునదో, సాధారణముగా ఒకటిన్నర నుండి రెండున్నర కోట్లు మాత్రమే. అనగా రెండు మూడు వందల పాళ్లలో ఒక పాలు! 2016లో వచ్చిన 4కె బ్లూరే డిస్కు గరిష్ఠముగా 12.8 కోట్ల బిట్ల నీయగలదు. అదియు సంగ్రహమే కాని, విస్తృతమైన సంగ్రహము.

ఇంత త్రోసివేసియు బొమ్మ నిలుచుటకు కారణము మానవనేత్రపు స్వభావమే. కన్ను వెలుగునీడల భేదమును గుర్తించినంత నిశితముగా రంగుల భేదమును గుర్తింపజాలదు. కావున నాలుగు బిందువులకు వెలుగును వేర్వేరుగా పంపి, రంగును నాలుగింటికి కలిపి ఒక్కటిగా పంపుదురు. అదిగాక, ఒక బొమ్మ నుండి మరియొక బొమ్మకు మారిన భాగమునే పంపుదురు. ఇద్దరు నిలిచి మాటలాడు దృశ్యమున ఈ యుపాయము చక్కగా పనిచేయును. వాన కురిసినప్పుడు, పొగ క్రమ్మినప్పుడు, అలలు లేచినప్పుడు ప్రతి బిందువును మారుచుండును. అప్పుడు బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోవును.

చీకటి దృశ్యములకు కలుగు నష్టము మరింత పెద్దది. 'మాయాబజార్' నౌకావిహారమున ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే రంగుల సాయము లేకయే, ఒకదానిలో నొకటి కరగిపోవు బూడిదవన్నెలతో వెన్నెలను సృష్టించెను. ఎనిమిది బిట్లలో నలుపు మొదలు తెలుపు వరకు గల మెట్లు 256 మాత్రమే. కుదింపున అందులోను కొన్ని కలిసిపోయినచో, నునుపుగా నుండవలసిన ఆకాశము చారలు చారలుగా కనబడును. పది బిట్లు వాడినచో 1,024 మెట్లు లభించును. కాని పంపిన ప్రతి, పెట్టె, తెర మూడును అందుకు అనుకూలింపవలెను.

2019 ఏప్రిలులో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అను అమెరికా ధారావాహికలో రాత్రియుద్ధపు భాగము ప్రసారమైనప్పుడు, చీకటి తప్ప మరేమియు కనబడలేదని ప్రేక్షకులు పెద్దయెత్తున మొరపెట్టిరి. ప్రసారమున జరిగిన కుదింపును, వెలుతురు నిండిన గదులలో చూచుటను ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ కారణములుగా చూపెను. దోషమెవరిదైనను, కళాకారుడు చీకటిలో పొదిగిన సూక్ష్మమే మొదట బలియగుచున్నది.

ధ్వని గతియు నిట్టిదే. పెద్ద శబ్దము చెంతనున్న చిన్న శబ్దమును చెవి గ్రహింపదు గనుక దానిని విడిచివేయుదురు. ఆరు మార్గముల ధ్వనిని 24 బిట్లతో, సెకనుకు 48,000 నమూనాల చొప్పున ఉన్నదున్నట్లు పంపుటకు 69 లక్షల బిట్లు కావలెను. 2019లో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించిన ప్రకారము దాని గరిష్ఠపరిమితి 6,40,000 బిట్లు. ఆరు మార్గములను టెలివిజనులోని రెండు చిన్న స్పీకర్లలో ఇరికించినప్పుడు, సంగీతపు హోరులో సంభాషణ మునిగిపోవుట సామాన్యము.

పెట్టె మార్చినంతనే ఇవన్నియు తీరునని కొందరు భ్రమపడుదురు. పెట్టె వచ్చినదానిని విప్పి చూపును గాని రానిదానిని తేలేదు. ఇంటర్నెట్టులో రద్దీ పెరిగినచో అదే చిత్రము మరింత చిక్కిపోయి వచ్చును. 2020 మార్చిలో జనులందరు ఇండ్లకే పరిమితమైనప్పుడు ఐరోపాలో నెట్‌ఫ్లిక్స్ తన వాడుకను సుమారు నాలుగవవంతు తగ్గించుకొనెను.

అయినను ప్రేక్షకుని చేతిలో కొన్ని యుపాయములు లేకపోలేదు. గదిలో దీపములు తగ్గింపవలెను. వైఫైకి బదులు తీగతో కలుపుట మేలు. సెకనుకు 24 బొమ్మల చిత్రమును 60 మార్లు మారు తెరపై చూపుటకు ఒక బొమ్మను రెండు మార్లు, తరువాతిదానిని మూడు మార్లు చూపవలసి వచ్చును. కెమెరా మెల్లగా తిరుగు దృశ్యము కుదుపులతో కనబడుట అందువలననే. చిత్రపు వేగమునకు తెరవేగమును సరిపుచ్చు అమరిక కొన్ని పెట్టెలలో గలదు. టెలివిజను తానై నడుమ బొమ్మలను కల్పించి చేర్చు 'మోషన్ స్మూతింగ్' అమరికను ఆపివేయవలెనని 2018 డిసెంబరులో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ ప్రేక్షకులకు విజ్ఞప్తి చేసిరి.

మారుమూల గ్రామమున నున్న విద్యార్థికి ప్రపంచ చలనచిత్రములను అందించిన ఘనత ఈ పెట్టెలదే. సంగ్రహవాచకము వలన భారతము ఎందరికో పరిచితమైనది గదా! కాని సంగ్రహమును చదివి వ్యాసునకు వర్ణన చేతగాదనుట ఎట్టిదో, చారలు పడిన ఆకాశమును చూచి పాతచిత్రములలో పస లేదనుట అట్టిదే. తీర్పు చెప్పుటకు ముందు తాను చూచినది మూలమా, సంగ్రహమా యని విద్యార్థి ఒక్కమారు ప్రశ్నించుకొనినచో చాలును. బార్ట్లే వెన్నెల చెక్కుచెదరక యున్నది. మసకబారినది దారిలోనే.