తొట్టిలో మొలచిన తెలియని మొక్క: పీకుటకు ముందు పేరు తెలుసుకోవాలి

ఐప్పసి, కార్తిక మాసాలలో ఈశాన్య ఋతుపవనాల వానలు పడగానే వెంబకోట్టై, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాల గ్రామాలలో వాకిటి పూలతొట్లు, మిద్దెపై కుండీలు అన్నీ పచ్చబడతాయి. అయితే ఆ పచ్చదనమంతా ఇంటివారు నాటినది కాదు. బంతి విత్తిన తొట్టిలో బంతి కాని మొక్క, వంగనారు పోసిన చోట వంగ కాని మొక్క, తులసి మొదట్లో గడ్డి కనిపిస్తాయి. కొందరు కనిపించినదల్లా పీకి పారవేస్తారు. కొందరు ఏదో మంచి మొక్కే అయి ఉంటుందని నీరు పోసి పెంచుతారు. రెండు పద్ధతులలోనూ నష్టం ఉన్నది. కూరకు పనికివచ్చే ఆకు చెత్తకుప్పలో పడవచ్చు. విషపు కాయ పసిపిల్లల చేతికి అందవచ్చు.

ఈ నల్లరేగడి నేలలో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబాలకు మొక్కల పరిచయం కొత్త కాదు. కానీ ఇంటి మాట తెలుగు, బడి మాట తమిళం కావటం వలన అవ్వకు తెలిసిన పేరు మనుమరాలికి తెలియదు. మనుమరాలు చదివిన పేరు అవ్వకు తెలియదు. ఒకే మొక్కను ఇద్దరూ రెండు మొక్కలనుకొనే ప్రమాదం ఉన్నది. అందుచేత ఇక్కడ ముఖ్యమైన మొక్కలకు తెలుగు పేరుతో పాటు తమిళ వాడుక పేరు కూడా ఇవ్వబడినది. పాటించవలసిన సూత్రం ఒక్కటే: పేరు నిశ్చయంగా తెలిసేంతవరకు ఏ మొక్కనూ తినరాదు, పూయనివ్వరాదు.

ఇవి ఎక్కడి నుండి వస్తాయి?

తొట్టిలోని కలుపు ఆకాశం నుండి ఊడిపడదు. మొదటి మూలం మట్టి. చెరువు వండ్రులోను, పొలం మట్టిలోను అనేక సంవత్సరాల విత్తనాలు నిద్రించి ఉంటాయి. తొట్టిలో నింపి నీరు పోయగానే అవి మేల్కొంటాయి. రెండవ మూలం మాగని ఎరువు. మేకలు సర్కారు తుమ్మ కాయలను ఇష్టంగా తింటాయి. గట్టి పెంకు గల విత్తనాలలో చాలా భాగం అరగకుండా పెంటికలతో బయటకు వస్తాయి. పచ్చి మేకల ఎరువు వేసిన మల్లె తొట్టిలో తుమ్మ మొక్క లేవటానికి కారణం ఇదే. మూడవది నర్సరీ నుండి తెచ్చిన మొక్క. దాని వేళ్లను అంటిన మట్టిలో మరొక ఊరి కలుపు కూడా ప్రయాణం చేస్తుంది. ఇవి కాక, కామంచి పండ్లు తిన్న పక్షులు ఆ విత్తనాలను రెట్టతో వదులుతాయి. గడ్డిచామంతి, జిల్లేడు విత్తనాలు దూదివంటి కుచ్చుల సాయంతో గాలిలో తేలివస్తాయి.

గుర్తించే విధానం

విత్తనాలను చల్లక వరుసగా నాటి, వరుస చివర ఒక పుల్ల గుచ్చటం మంచిది. వరుస తప్పి మొలచినది పరాయి మొక్క అని మొదటి చూపులోనే తెలుస్తుంది. రెండాకుల దశలో చాలా మొక్కలు ఒకే విధంగా కనిపిస్తాయి కనుక నాలుగైదు ఆకులు వచ్చేవరకు ఆగి, తరువాత నాలుగు విషయాలు పరిశీలించాలి. కాడ గుండ్రనిదా, మూడు అంచులు గలదా? తుంచితే పాలు వస్తున్నాయా? ఆకు నలిపితే వాసన ఉన్నదా? వేరు కింద గడ్డలు ఉన్నవా?

మూడంచుల కాడ తుంగకు గుర్తు. తెల్లని పాలు నానబాలు జాతికి, జిల్లేడుకు గుర్తు. ఘాటైన వాసన బంతికి గుర్తు. మొక్కల పేర్లు చెప్పే సెల్‌ఫోన్ యాప్‌లు నేడు అందుబాటులో ఉన్నప్పటికీ, లేత మొక్కల విషయంలో అవి తరచుగా పొరబడతాయి. వెతకటానికి వాటిని వాడవచ్చు కాని, వాటి మాట నమ్మి ఆకు వండుకొనరాదు.

చామంతి వేషంలో వయ్యారిభామ

పూలతొట్లలో అన్నిటికంటె ఎక్కువగా మోసపుచ్చే మొక్క వయ్యారిభామ. దీనినే కాంగ్రెస్ గడ్డి అనీ, తమిళంలోనూ పార్తీనియం అనీ అంటారు. లేత దశలో దీని చీలికల ఆకు చామంతి ఆకును పోలి ఉంటుంది. ఆకులు మొదట నేలకు అంటుకొని గుండ్రంగా పరచుకుంటాయి. పిదప నిలువు గీతల కాడ లేచి, కొనలలో చిన్న చిన్న తెల్లని పూలు పూస్తుంది. ఆకులపై సన్నని నూగు ఉంటుంది. నలిపితే చామంతి, బంతి ఆకులకు ఉండే ఘాటు పరిమళం దీనికి ఉండదు.

అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలకు చెందిన ఈ మొక్క 1955లో పూణేలో కనిపించినది. దిగుమతి చేసుకున్న గోధుమలతో వచ్చినదని సాధారణంగా చెబుతారు. మొలచిన సుమారు నెల, నెలన్నరలోనే పూతకు వస్తుంది. ఒక్క మొక్క 15,000 నుండి 25,000 వరకు విత్తనాలు ఇవ్వగలదు. కనుక ఒక తొట్టిలో ఒక్క మొక్కను పండనిస్తే ఆ వీధికంతటికీ విత్తనం వేసినట్లే. దీని స్పర్శ వలన కొందరికి చర్మంపై దద్దుర్లు, దురద, పగుళ్లు వస్తాయి. పుప్పొడి వలన తుమ్ములు, ఆయాసం కలుగుతాయి. పశువులు మేస్తే పాలకు చేదు వస్తుంది.

దీనిని తినే జైగోగ్రామా అనే పెంకు పురుగును మెక్సికో నుండి తెప్పించి 1984లో బెంగళూరు ప్రాంతంలో విడుదల చేశారు. పొలాల గట్లపై ఆ పురుగు కొంత మేలు చేస్తుంది కాని, తొట్టిలోని మొక్కకు మనిషి చేయి చాలు. పూతకు ముందే, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుగుకొని, వేరుతో సహా పీకాలి. బంజరు నేలల కొరకు సూచించిన ఉప్పు ద్రావణాన్ని తొట్టిలో పోయరాదు. ఉప్పు మట్టిలో నిలిచి నాటిన మొక్కను కూడా చంపుతుంది.

విషపు మొక్కలు

ఉమ్మెత్త, అనగా తమిళుల ఊమత్తై, లేతగా ఉన్నప్పుడు వంగ మొక్కను పోలి ఉంటుంది. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. పెద్దదైన తరువాత బాకా వంటి పొడవాటి పువ్వు, ముళ్ల కాయ చూసి ఎవరైనా గుర్తిస్తారు. కాని అప్పటికి ఆలస్యమవుతుంది. మొక్క అంతటా, ముఖ్యంగా విత్తనాలలో విషం ఉన్నది. తిన్నవారికి నోరు ఎండిపోవటం, కంటిపాపలు పెద్దవి కావటం, ఒళ్లు కాగటం, మతి తప్పి మాట్లాడటం జరుగుతుంది. అట్టి లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యానికి కాలం వృథా చేయక 108 వాహనాన్ని పిలిచి ఆసుపత్రికి చేర్చాలి. తిన్న మొక్క కొమ్మను కూడా వెంట తీసుకొనిపోతే వైద్యులకు పని సులువవుతుంది.

బలురక్కసి, తమిళంలో బ్రహ్మదండు, ముళ్ల ఆకులు, తెల్లని ఈనెలు, పసుపు పువ్వు, పసుపు రసం గలది. దీని విత్తనాలు ఆవాలను పోలి ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఈ నూనె కలిసిన ఆవనూనె వాడి 60 మందికి పైగా మరణించారు. ఆవాలు విత్తిన తొట్టి దగ్గర ఈ మొక్కను ఎండి విత్తనం రాల్చనివ్వరాదు.

తినదగినవి, వాటిని పోలినవి

పిలువకుండా వచ్చినవన్నీ శత్రువులు కావు. గంగపాయల, తమిళంలో పరుప్పుక్కీరై, పప్పులో వేసుకొనే చక్కని ఆకుకూర. కాడ ఎర్రగా, నున్నగా, నీరు నిండి ఉంటుంది; ఆకు మందంగా ఉంటుంది; తుంచితే పాలు రావు. దాని పక్కనే నేలకు పరచుకొని పెరిగే సిత్తిరప్పాలాడి అనే నానబాలు జాతి మొక్క దూరం నుండి దానిని పోలి ఉంటుంది. కాడ తుంచగానే తెల్లని పాలు వస్తే అది గంగపాయల కాదు, వండరాదు. ఈ ఒక్క పరీక్షను ఇంటిలోని ప్రతి పిల్లకూ నేర్పటం మంచిది.

గలిజేరు విషయంలో చిక్కు పేరులోనే ఉన్నది. తమిళంలో శారణై అని ఒకటి, మూక్కిరట్టై అని మరొకటి వేరుగా పిలువబడే రెండు మొక్కలను తెలుగులో కొన్ని ఊళ్లవారు గలిజేరు అనే ఒకే పేరుతో పిలుస్తారు. కేవలం పేరు విని మందుకు కోసుకొనటం ఎంత పొరపాటో దీనివలన తెలుస్తుంది.

కామంచిని తమిళనాట మణత్తక్కాళి అని ఆదరంగా వండుకుంటారు. చిన్న తెల్లని పూలు, గుత్తులుగా నల్లని పండ్లు ఉంటాయి. పచ్చి కాయలను పచ్చిగా తినరాదు. పూలు, పండ్లు చూసి నిర్ధారించుకొన్న తరువాతనే ఆకు కోయాలి. లేత దశలో ఉమ్మెత్తతో పొరబడవచ్చు.

నేల ఉసిరి మరొకటి. తెలుగువారు అది నేలను అంటి పెరగటం చూసి పేరు పెట్టగా, తమిళులు ఆకుల వరుస కింద కాయలుండటం చూసి కీళానెల్లి అన్నారు. రెండు పేర్లూ కలిపితే మొక్క రూపం పూర్తిగా కళ్లకు కడుతుంది. కామెర్లకు దీనిని వాడటం ఇరువురి ఆచారంలోనూ ఉన్నది. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి వైరస్ గలవారికి దీనిని ఇచ్చి, ఫలితం ఆశాజనకంగా ఉన్నదని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తరువాత ఇతర చోట్ల జరిగిన పరీక్షలలో ఆ ఫలితం నిలువలేదు. కనుక తొట్టిలో మొలచిన మొక్కను ఉంచుకొనవచ్చు గాని, కామెర్లు వచ్చినవారిని వైద్యుని వద్దకు తీసుకొనిపోవటం మానరాదు.

తుంగ, సర్కారు తుమ్మ

తుంగను తమిళంలో కోరై అంటారు. ప్రపంచపు అతి చెడ్డ కలుపు మొక్కలపై 1977లో వెలువడిన గ్రంథంలో దీనికే మొదటి స్థానం దక్కినది. పైన ఆకు పీకితే కింద గడ్డ మిగులుతుంది. వారం దాటకుండానే మరల మొలుస్తుంది. తొట్టిలో తుంగ పడితే వారానికొకసారి పీకుతూ కూర్చొనుట కంటె, మొక్కను జాగ్రత్తగా తీసి వేరొక చోట ఉంచి, మట్టి అంతటినీ జల్లెడ పట్టి, నల్లని గడ్డలను ఏరి, ఎండలో గలగలలాడేవరకు ఆరబెట్టటమే సరియైన మార్గం. గడ్డలను పచ్చిగా పెంటకుప్పలో వేయరాదు.

సర్కారు తుమ్మ, తమిళంలో సీమైక్కరువేలం, 1870వ దశకంలో వంటచెరకు కొరకు మద్రాసు రాజధానికి తెప్పించబడినది. తొలి నాట్లు కడప ప్రాంతంలో జరిగాయి. నేడు విరుదునగర్, రామనాథపురం జిల్లాల బీళ్లలో అది ఎంతగా అల్లుకొన్నదో చెప్పనక్కరలేదు. తొట్టిలో వేలెడంత ఉన్నప్పుడు రెండు వేళ్లతో వస్తుంది. ఉపేక్షిస్తే వేరు తొట్టి అడుగుకు దిగుతుంది. పైన కోస్తే మరల చిగురిస్తుంది.

తొలగించే విధానం, రాకుండా చూసే విధానం

సాయంకాలం తొట్టికి నీరు పోసి, మరునాటి ఉదయం మెత్తబడిన మట్టిలో నుండి పీకితే వేరు తెగకుండా వస్తుంది. పూయని కలుపును ఎండబెట్టి ఎరువు గుంటలో వేయవచ్చు. పూసినదానిని సంచిలో మూట కట్టి వేరుగా పారవేయాలి. పశువుల ఎరువును పూర్తిగా మాగిన తరువాతనే వాడాలి. కుప్ప లోపల వేడి పుట్టి, మధ్యమధ్య తిరగవేసినప్పుడు చాలా విత్తనాలు చనిపోతాయి.

కొత్త మట్టిని కత్తిరి ఎండలలో శుద్ధి చేసుకొనటం ఈ ప్రాంతపు వారికి ఉచితంగా లభించే ఉపాయం. మట్టిని పలుచగా పరచి, తడిపి, తెల్లని పారదర్శక ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు మూసి నాలుగు నుండి ఆరు వారాలు ఉంచాలి. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చాలా విత్తనాలు నశిస్తాయి. అయితే తుంగ గడ్డలు, గంగపాయల విత్తనాలు కొంత తట్టుకుంటాయి. నాటిన తరువాత మట్టిపై రెండు అంగుళాల మందాన వేరుశనగ పొట్టు గాని, ఎండుటాకు గాని పరిస్తే కలుపు తగ్గటమే కాక, ఈ కరువు ప్రాంతంలో నీరు కూడా ఆదా అవుతుంది.

తొట్లకు కలుపు మందులు అవసరం లేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకంపై ఆంక్షలు విధిస్తూ ఉత్తర్వు వెలువరించినది. పిల్లలు, కోళ్లు తిరిగే వాకిట అట్టి మందు చల్లటం క్షేమకరం కాదు.

సందేహం కలిగినప్పుడు

పేరు తెలియని మొక్కను వేరు, పువ్వుతో సహా పాత వార్తాపత్రిక మడతలో నొక్కి ఎండబెట్టి, మొలచిన చోటు, తేదీ రాసి ఉంచాలి. 1901లో స్థాపించబడిన కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రం, అరుప్పుకోట్టైలోని ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఈ నేల మొక్కలను ఎరిగిన సంస్థలు. అక్కడి శాస్త్రజ్ఞులకు చూపించవచ్చు. వయ్యారిభామపై అవగాహన కొరకు ఏటా ఆగస్టు 16 నుండి 22 వరకు దేశమంతటా ఒక వారం పాటిస్తారు. బడిపిల్లలకు ఆ మొక్కను చూపి నేర్పటానికి అది తగిన సమయం.

అంతకు ముందు అడగవలసినవారు ఇంటిలోనే ఉన్నారు. ఒక నోటు పుస్తకంలో ఎండిన ఆకు అంటించి, కింద అవ్వ చెప్పిన తెలుగు పేరు, పక్కన పొరుగువారు చెప్పిన తమిళ పేరు, పాలు వస్తాయా రావా, తినవచ్చునా కూడదా అని పిల్లల చేత రాయించాలి. రెండు పేర్లూ ఒకే మొక్కపై కుదిరినప్పుడు సందేహం తీరుతుంది. కుదరనప్పుడు ఆ మొక్కను వండకుండా, పూయనివ్వకుండా పీకివేయటమే క్షేమం.