కోచ్ గోడు ఎవరు వింటారు?

కోచింగ్ అనగానే మనకి గుర్తొచ్చేది అమీర్‌పేట. మైత్రీవనం పక్క గల్లీలు, జావా బోర్డులు, పాంప్లెట్లు పంచే కుర్రాళ్లు. ఈరోజు మాట్లాడేది ఆ కోచింగ్ గురించి కాదు. కంపెనీ లోపల జరిగే కోచింగ్ గురించి. అది కూడా కోచింగ్ తీసుకునేవాళ్ల గురించి కాదు, ఇచ్చేవాళ్ల గురించి. ఎందుకంటే ఏడాదిన్నర పాటు ఆ పని నేనే చేశాను.

ముందు అసలు ఆ పనేంటో చూద్దాం. ట్రైనర్ అంటే తనకి తెలిసింది మనకి నేర్పుతాడు. మెంటర్ తన అనుభవం చెబుతాడు. కోచ్ ఈ రెండూ చేయడు. ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడుగుతాడు, వింటాడు, దారి ఆ మనిషే వెతుక్కునేలా చేస్తాడు. బయటనుంచి ఫీజు తీసుకుని వచ్చే ప్రొఫెషనల్ కోచ్‌లు ఉంటారు. వాళ్లు ఎక్కువగా పెద్ద పోస్టుల్లో ఉన్నవాళ్లకే. మనలాంటివాళ్లకి దొరికేది టీమ్‌లో కాస్త సీనియర్. గూగుల్ 2008లో ప్రాజెక్ట్ ఆక్సిజన్ అని ఒకటి మొదలుపెట్టింది. మంచి మేనేజర్‌లో ఏముంటుంది అని వాళ్ల డేటానే తవ్వితే, లిస్టులో మొదటి మాట "మంచి కోచ్" అని వచ్చింది. ఇలాంటివి చదివి మన కంపెనీలు కూడా "నువ్వు బాగా మాట్లాడతావు కదా, ఈ నలుగురినీ నువ్వు చూసుకో" అనడం మొదలుపెట్టాయి. నాకూ అలాగే చెప్పారు. రెండు రోజుల వర్క్‌షాప్, ఒక సర్టిఫికెట్, అంతే. అప్పుడు నాకు 25 ఏళ్లు. నా స్ప్రింట్ పని ఒక్క స్టోరీ కూడా తగ్గించలేదు, అది వేరే సంగతి.

ఆ నలుగురిలో ఒకబ్బాయి ఉన్నాడు. పేరు వద్దు, తమ్ముడు అనుకుందాం. మొదటి రెండు సెషన్లు కోడ్ రివ్యూలో వచ్చే కామెంట్స్ గురించే. మూడో సెషన్‌లో వీడియో ఆఫ్ చేసి, నాన్నకి అప్పులున్నాయి అన్నా, రాత్రుళ్లు ఫోన్లు వస్తున్నాయి, నిద్ర ఉండట్లేదు అన్నాడు. విన్నాను. వినడమే నా పని కదా. కాల్ అయిపోయింది, ఐదు నిమిషాల్లో నాకు స్టాండప్. అక్కడ నవ్వుతూ అప్‌డేట్ చెప్పాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎవరికి చెప్పుకోవాలి? టీమ్‌లో చెప్పకూడదు, సెషన్‌లో మాటలు బయటికి రాకూడదని మొదటిరోజే మాటిచ్చాను. రూమ్మేట్‌కి చెబుదామంటే వాడిదీ అదే కంపెనీ. ఇంట్లో చెబితే అమ్మ "నీకెందుకురా ఊళ్లోవాళ్ల గొడవ" అంటుంది.

ఇది నా ఒక్కడి బాధ కాదని తర్వాత తెలిసింది. బెర్లిన్‌లో కార్స్టెన్ షెర్ములీ అని సైకాలజీ ప్రొఫెసర్ ఉన్నారు. అందరూ కోచింగ్ వల్ల ఉద్యోగికి ఏం లాభం అని కొలుస్తుంటే, ఈయన 2014లో కోచ్‌లనే అడిగారు, దీనివల్ల మీకేమైనా చెడు జరిగిందా అని. జరిగిందన్నారు. వాళ్లు చెప్పినవాటిలో మూడు విషయాలు చదివి నేను కుర్చీలోంచి లేచాను. ఎదుటివాళ్ల కష్టం మన మనసుకి పట్టుకోవడం. నేనీ పని సరిగ్గా చేస్తున్నానా లేదా అనే భయం. మూడోది, మన కోచింగ్ వల్ల చివరికి ఏం జరిగిందో కళ్లతో చూడలేకపోవడం.

ఈ మూడోదాన్ని చాలామంది లైట్ తీసుకుంటారు. మనం ఇంజనీర్లం కదా, బగ్ ఫిక్స్ చేస్తే టెస్ట్ పాస్ అవుతుంది, గ్రీన్ టిక్ కనిపిస్తుంది. కోచింగ్‌లో గ్రీన్ టిక్ ఉండదు. ఆరు సెషన్లు అయ్యాక ఆ మనిషి వేరే ప్రాజెక్టుకి వెళ్లిపోతాడు. బాగుపడ్డాడా, ఇంకా మునిగాడా, నీకు తెలీదు. నెలల తరబడి అలా పనిచేస్తే, నేను చేసేది దండగ అనిపించడం మొదలవుతుంది. బర్నౌట్ మీద పరిశోధన చేసిన క్రిస్టినా మాస్లాక్ చెప్పే మూడు లక్షణాల్లో ఇదీ ఒకటి, నావల్ల ఏమీ అవ్వట్లేదు అనిపించడం. మిగతా రెండు, మనసు పూర్తిగా అలిసిపోవడం, ఎదుటివాళ్లని మనుషుల్లా కాకుండా కేసుల్లా చూడటం. ఆ కేసుల్లా చూడటం నాకూ వచ్చింది. నాలుగో నెలకి క్యాలెండర్‌లో సెషన్ కనిపిస్తే "మళ్లీ వీడా" అనుకునేవాడిని. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఇంకోటి, ఆ ప్రశాంతమైన ముఖం పెట్టుకోవడం. లోపల చిరాకుగా ఉన్నా శాంతంగా తలూపాలి. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సోషియాలజిస్ట్ 1983లో విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌ల గురించి రాస్తూ దీన్ని ఎమోషనల్ లేబర్ అన్నారు. ఉద్యోగం కోసం మన ఫీలింగ్స్‌ని కూడా పనిలో పెట్టడం. శాలరీ స్లిప్‌లో దానికి కాలమ్ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. ఒక గురువారం మేనేజర్ పక్కకి పిలిచి, "ఆ అబ్బాయి సంగతేంటి, పనికొస్తాడా?" అన్నాడు. నేనేం చెప్పకూడదు. కానీ నోరు జారింది. "ఇంట్లో కొంచెం ఇబ్బందులున్నాయి సార్, కాస్త టైమ్ ఇవ్వండి" అన్నాను. మంచి చేద్దామనే అన్నాను. నెల తిరక్కుండా అతన్ని రిలీజ్ చేశారు. ఆ మాట వల్లనా, ముందే డిసైడ్ అయ్యి కాగితాల కోసం నాతో కోచింగ్ ఇప్పించారా, నాకు ఇప్పటికీ తెలీదు. వెళ్లేరోజు అతను నాకు థ్యాంక్స్ చెప్పాడు.

కంపెనీలో కోచ్ అంటే జీతం ఇచ్చేది ఒకరు, నమ్మేది ఇంకొకరు. బయటి కోచ్ అయితే ముందే కంపెనీతో, ఉద్యోగితో కలిసి కూర్చుని ఏది చెప్తాం, ఏది చెప్పం అని రాసుకుంటాడు. లోపలివాడికి ఆ కాగితం ఉండదు, పైగా అడిగేది తన అప్రైజల్ రాసే మనిషే. కాబట్టి మీకు ఎవరైనా ఈ పని ఇస్తే మొదటి సెషన్‌కి ముందే మెయిల్ పెట్టండి: ఎన్ని సెషన్లకి వచ్చాడో చెప్తాను, లోపల మాటలు చెప్పను అని. మెయిల్‌కి ఒప్పుకోకపోతే పనే ఒప్పుకోకండి. వారానికి ఎన్ని గంటలో అడిగి, అంత మేర స్ప్రింట్ పని తగ్గించమనండి.

ప్రొఫెషనల్ కోచ్‌లకి సూపర్‌విజన్ అని ఒకటి ఉంటుంది. అంటే బాస్ నిఘా కాదు. ఇంకో అనుభవం ఉన్న కోచ్ దగ్గర పేర్లు చెప్పకుండా తన కేసులు, తన బరువు దించుకోవడం. అది నాకుంటే ఆ గురువారం నోరు జారేది కాదేమో. మీ హెచ్ఆర్‌ని అడగండి, లేదంటే కనీసం వేరే కంపెనీలో ఇదే పని చేసే ఒక ఫ్రెండ్‌ని వెతుక్కోండి.

అలాగే అప్పులు, నిద్రలేమి, చనిపోవాలనిపిస్తోంది లాంటి మాటలు వస్తే అది కోచ్ పని కాదు. ఆగి, టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వండి. ఇది ప్రభుత్వ ఫ్రీ హెల్ప్‌లైన్, 2022లో మొదలైంది, తెలుగులో మాట్లాడొచ్చు. కోచ్‌గా మీకే కష్టంగా ఉన్నా అదే నంబర్‌కి చేయొచ్చు. నాకు అప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

ఆ తమ్ముడి ప్రొఫైల్ మొన్న లింక్డ్‌ఇన్‌లో కనిపించింది. బెంగళూరులో ఉన్నాడు, కొత్త ఉద్యోగం. మెసేజ్ టైప్ చేశాను, ఆ గురువారం నేనన్న మాట కూడా రాశాను. ఇంకా పంపలేదు. ఈ వీడియో అతను చూసినా చూడొచ్చు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో నోటీస్ పీరియడ్ బైఅవుట్ గురించి మాట్లాడుకుందాం.