కుడికాలికి ఓ కళ్లెం!

వరిమడిలో దిగబడిన ట్రాక్టర్‌ని చూసే ఉంటారు. డ్రైవరు కంగారుపడి రేజ్ చేసేకొద్దీ చక్రం గిర్రున తిరుగుతుంది, బురద చిమ్ముతుంది, బండి మాత్రం అంగుళం కదలదు. పైగా ఇంకాస్త లోతుకు దిగుతుంది. అనుభవం ఉన్నవాడైతే కాలు తీసేసి, చక్రానికి నేల పట్టు దొరికేంత ఊపు మాత్రమే ఇస్తాడు. ఇంజిన్‌లో ఎంత బలముంటే ఏం, అది నేలకు అందాలిగా!

ఇదే చిక్కు తడి తారురోడ్డు మీద, గంటకు నూరు కిలోమీటర్లు దాటిన వేగంలో వస్తే? అక్కడ కారు దిగబడదు. వెనక భాగం ఒక్కసారిగా పక్కకు జారి, బొంగరంలా తిరిగిపోతుంది. కంపెనీ కార్లలో ఈ గండాన్ని తప్పించేందుకు 'ట్రాక్షన్ కంట్రోల్' ఉంటుంది. మరి సొంతంగా కట్టుకున్న కారులో?

సొంతంగా కారు కట్టుకోవడమేమిటని ఆశ్చర్యపోకండి. బ్రిటన్‌లో అదో పెద్ద సరదా. ఛాసిస్, బాడీ ముక్కలు ఒక కంపెనీ నుంచి, ఇంజిన్ మరోచోట నుంచి కొనుక్కుని, ఇంటి గ్యారేజీలో నెలలూ ఏళ్లూ కష్టపడి బిగించుకుంటారు. ప్రభుత్వం పెట్టే పరీక్షలో నెగ్గితేనే అది రోడ్డెక్కుతుంది. ఇలాంటివాటిలో పేరుమోసింది అల్టిమా జీటీఆర్. ఇంగ్లండ్‌లోని హింక్లీ పట్టణంలో ఉన్న కంపెనీ 1999లో తెచ్చిన కారిది. దాని 640 హార్స్‌పవర్ రకాన్నే తీసుకోండి. ఒకప్పటి మన మారుతి 800లు పదిహేడింటి బలం ఒక్క ఇంజిన్‌లో! కారు బరువు చూస్తే సుమారు టన్ను. అంత శక్తీ వెళ్లేది వెనకనున్న రెండు చక్రాలకే. ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ అంతకన్నా లేదు. ఉన్నదల్లా నడిపేవాడి కుడికాలు.

లెక్క చిన్నదే... కానీ!

ట్రాక్షన్ కంట్రోల్ చేసే పని చెప్పుకోవడానికి తేలిక. ముందు చక్రాలకు ఇంజిన్‌తో సంబంధం లేదు కాబట్టి అవి కారు అసలు వేగాన్ని చెబుతాయి. వెనక చక్రాలు అంతకన్నా బాగా వేగంగా తిరుగుతున్నాయంటే జారుతున్నట్టే. ముందువి 50 కిలోమీటర్ల వేగంతో, వెనకవి 55తో తిరిగితే జారుడు పదిశాతం. ఆమాత్రం జారితే పర్వాలేదు. నిజానికి కాస్త జారేటప్పుడే టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. హద్దు దాటిందా, ఇంజిన్ బలాన్ని తగ్గించాలి.

ఎలా తగ్గించాలన్నదే అసలు సమస్య. కంపెనీ కారులోనైతే ఏబీఎస్ పంపు ఎటూ ఉంటుంది కాబట్టి, జారే చక్రానికి అదే బ్రేకు వేస్తుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ని కంప్యూటరే మూసేస్తుంది. చేత్తో కట్టిన చాలా కార్లలో ఈ రెండూ ఉండవు, యాక్సిలరేటర్‌కి ఉన్నది ఉత్త తీగ. ఇక మిగిలిన దారి ఇంజిన్ నోరు కట్టేయడమే. బ్రిటన్‌కే చెందిన రేస్‌లాజిక్ కంపెనీ ఇందుకోసం ఒక పెట్టె తయారుచేసింది. ఇంజెక్టర్లకు వెళ్లే వైర్ల మధ్యలో దాన్ని కలుపుతారు. చక్రం జారగానే ఎనిమిది సిలిండర్లలో ఒకదానికో రెండింటికో లిప్తపాటు పెట్రోలు ఆపేస్తుంది. ఇంజిన్ తడబడినట్టు ఒక చప్పుడు, అంతే. పెట్రోలు బదులు స్పార్క్ ఆపినా బలం తగ్గుతుంది కానీ, మండని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి అక్కడ మండుతుంది. ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ కాస్తా కాలిపోతుంది.

పెట్టె కొనడం సులువే. చెమట పట్టేది చక్రాల దగ్గర. నాలుగింటికీ పళ్ల చక్రాలు, వాటికి దాదాపు ఒక మిల్లీమీటరు ఎడంలో సెన్సర్లు బిగించాలి. పళ్ల చక్రం రవ్వంత వంకరగా కూర్చున్నా పెట్టెకు తప్పుడు లెక్క వెళుతుంది. పైగా వెనక టైర్లు పెద్దవి, ముందువి చిన్నవి. అందుకని తిన్నని దారిలో ఒకే వేగంతో నడిపి 'ఇప్పుడు నాలుగూ సమానమే' అని పెట్టెకు నేర్పాలి. మలుపుల సంగతి వేరే. కళ్లంలో బంతి తోలేటప్పుడు గుంజ దగ్గరి ఎద్దుకన్నా చివరి ఎద్దు ఎక్కువ దూరం నడుస్తుంది కదా, మలుపులో బయటివైపు చక్రాలదీ అదే కథ. ఆ తేడాను జారుడు కింద లెక్కేస్తే ఇంజిన్ ఊరికే నోరు మూసుకుంటుంది. ఇదంతా కుదిరేదాకా ఖాళీ ట్రాక్ మీద పరీక్షించాల్సిందే. రోడ్డు మీద చేసే పని కాదు.

ఇష్టపడనివాళ్లూ ఉన్నారు

ఇంత అవసరమా అనేవాళ్లకూ కొదవలేదు. 627 హార్స్‌పవర్ ఉన్న మెక్‌లారెన్ ఎఫ్1ను 1990ల్లో తయారుచేసిన గార్డన్ ముర్రే అందులో ఏబీఎస్ గానీ, ట్రాక్షన్ కంట్రోల్ గానీ పెట్టలేదు. ఫార్ములా వన్ సైతం ఈ విషయంలో ఊగిసలాడింది. 1994లో నిషేధించి, 2001లో స్పెయిన్ రేసు నుంచి మళ్లీ అనుమతించి, 2008లో అందరికీ ఒకే కంప్యూటర్ ఇచ్చి మరీ తీసేసింది. మన నరేన్ కార్తికేయన్ జోర్డాన్ జట్టుకు నడిపిన 2005 సీజన్‌లో అది చట్టబద్ధమే.

పందెంలో నైపుణ్యం తేలాలన్న వాదన బాగానే ఉంది. కానీ ఆదివారం వాన పడుతుంటే భార్యనో కొడుకునో పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లేవాడికి ఆ వాదన ఎందుకు? పెట్టె బిగించుకోవడమే నయం. దాని హద్దు తెలియకపోవడమే ప్రమాదం. అది లేని పట్టును పుట్టించలేదు. బ్రేకు వేసినప్పుడు సాయపడదు. మలుపులోకి మితిమీరిన వేగంతో వెళితే చేతులెత్తేస్తుంది. అరిగిన టైరును కొత్తది చెయ్యదు.

మన దగ్గర ఇలా కారు కట్టుకుని నడుపుదామంటే కుదరదు. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో తేల్చిచెప్పింది. అయితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం ఇప్పుడు మన కార్లలోకీ, కొన్ని బైకుల్లోకీ వచ్చేసింది. చాలా కార్లలో దీని గుర్తు వెనక వంకర గీతలున్న కారు బొమ్మ. వానలో వెళుతుంటే అది మినుకుమినుకుమంటోందా? బండి పాడైందని మెకానిక్‌కి ఫోన్ చేయకండి. చక్రం జారుతోంది, పెట్టె తన పని తాను చేస్తోంది. మీరు చేయాల్సిందల్లా కుడికాలు కాస్త పైకెత్తడం.