ఉదయగిరి కోట – బకింగ్‌హామ్ కాలువ

మన నెల్లూరు జిల్లా చరిత్ర అనగానే పెద్దలు ముందుగా చెప్పేది ఉదయగిరి కోట. కృష్ణదేవరాయలు గజపతి రాజుమీద దండెత్తి, సుమారు 18 నెలలు ముట్టడించి, 1514లో దానిని పట్టుకొన్నాడు. గొప్ప విజయమే! కాని ఆ కోట తరువాత గోల్కొండ సుల్తానులకు, ఆర్కాటు నవాబులకు, చివరికి ఇంగ్లీషు కుంఫిణీకి చేతులు మారింది. నేడు కొండమీద పాడుగోడలు మిగిలాయి. పట్టణాన్ని పట్టుకొనేవాని కంటె ఎవరు శ్రేష్ఠులో సామెతలు 16:32లో ఉంది. ఇంటిల్లిపాదీ కలిసి చదువుకోండి.

ఇక వెంకటాచలం నుండి తూర్పుగా సముద్రం వైపు వెళ్ళండి. కృష్ణపట్నం దగ్గర, తీరం వెంబడే ఒక ఉప్పునీటి కాలువ సాగుతుంది. అదే బకింగ్‌హామ్ కాలువ. 1806లో మద్రాసు దగ్గర మొదలై, కొద్దికొద్దిగా ఉత్తరానికి పెరిగి పెద్దగంజాం చేరింది. 1876-78లో ధాత కరవు వచ్చింది. లక్షలమంది చనిపోయారు. ఆ రోజులలో ప్రభుత్వం ఈ కాలువ తవ్వకాన్ని కరవు పనిగా పెట్టింది. పని ఇచ్చిన మాట నిజమే. 1877లో కూలిని రోజుకు పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, అనే లెక్కకు కుదించిన మాటా నిజమే.

అప్పుడు ఒంగోలులో క్లౌ దొర ఉన్నారు. మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేల్లో పని చేసిన మనిషి. మూడున్నర మైళ్ళ తవ్వకం తానే కాంట్రాక్టు తీసుకొని, తన బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. ఆకలితో వచ్చినవారికి చేతికి పార, నెత్తికి గంప, పనికి తగిన కూలి దొరికాయి. తోలుపని తప్ప మట్టిపని ఎరుగని మాదిగలు కూడా అక్కడ తవ్వారు. కూటికోసం మతంలో చేరారనే మాట రాకూడదని, ఆ కరవులో బాప్తిస్మాలు ఆపివేశారాయన. ఈ జాగ్రత్త నాకు కాలువకంటె తక్కువ పనిగా తోచదు.

కాలువకు గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవారి పేర్లు ఎవరూ వ్రాసుకోలేదు. ఎన్నో ఏండ్లు దానిమీద ఉప్పు, వంటచెరకు మద్రాసుకు పడవలలో వెళ్ళాయి. రైళ్ళు, లారీలు వచ్చాక పడవలు తగ్గాయి, పూడిక పెరిగింది. ఇక ఎందుకూ పనికిరాదన్నారు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. పెద్దగంజాం నుండి చెన్నై దాకా, సుమారు 310 కిలోమీటర్ల పొడవున, లోపలికి దూకిన కెరటాన్ని ఈ కాలువే పట్టుకొంది. కొన్నిచోట్ల పొర్లినా, పది పదిహేను నిమిషాలలో నీరు తిరిగి సముద్రంలోకి జారిపోయిందనీ, అందువలన ఎందరో మత్స్యకారుల ప్రాణాలు దక్కాయనీ శాస్త్రవేత్తలు వ్రాశారు. తవ్విననాడు ఆ కూలీలు సునామీ అనే మాటే విని ఉండరు. ఆ పూట గంజికోసం తవ్వారు.

2008లో కేంద్రం ఈ కాలువను 4వ జాతీయ జలమార్గంలో చేర్చింది. పూడిక తీసే పని మన వైపు ఇంకా మిగిలే ఉంది.