తాళం దొంగ కోసం, ఫోను నంబరు మంచివాడి కోసం

గేర్ల సైకిలు కావాలని మా అబ్బాయి ఏడాదిపాటు పోరు పెట్టాడు. చివరికి వాడి పదకొండో పుట్టినరోజుకి నీలం రంగుది ఒకటి కొన్నాం. కొన్న ఐదో వారమే అది పోయింది.

ఆ రోజు శనివారం. మా పేట లైబ్రరీ ముందున్న స్టాండుకు సైకిళ్ళు రెండూ ఆనించి, కేబుల్ తాళాలు వేసి లోపలికి వెళ్ళాం. పుస్తకాలు తీసుకుని బయటికి రావడానికి అరగంట కూడా పట్టలేదు. వచ్చి చూస్తే నా పాత సైకిలు అలాగే ఉంది, వాడిది లేదు. తెగిన కేబుల్ ముక్క ఒకటి నేల మీద పడి ఉంది. మావాడు ఏడవలేదు. ఆ ముక్క తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి నడిచి వస్తూంటే దారిలో అడిగాడు: "నాన్నా, అక్కడ అంతమంది ఉన్నారు కదా, ఎవరూ ఏమీ అనలేదా? ఇక మనం ఎవర్నీ నమ్మకూడదా?"

సైకిలు పోయిన బాధ కన్నా ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. సైకిలు ఇంకొకటి కొనుక్కోవచ్చు. పరాయి దేశంలో పెరుగుతున్న పిల్లవాడికి చుట్టూ ఉన్న మనుషుల మీద నమ్మకం పోతే అది తెచ్చి ఇవ్వడం మన చేతుల్లో లేదు.

పోలీసులకు ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడారు. "సీరియల్ నంబరు ఎంత?" అన్నారు. తెలియదు. "ఫోటో ఉందా?" అన్నారు. పుట్టినరోజు ఫోటోలో సగం చక్రం కనిపిస్తోంది, మిగతా సగానికి కేకు అడ్డం! దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఆ రాత్రి కూర్చుని సైకిలు దొంగతనాల గురించి చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీ ఇంట్లో పిల్లలకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. మావాడి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే కొంత దొరికింది.

తాళం చేసే పని

మొట్టమొదట తెలిసిందేమిటంటే, తెగని తాళమంటూ లేదు. బ్యాటరీతో నడిచే కోత మిషను ముందు ఎంత లావు ఇనుమైనా ఎక్కువసేపు నిలవదు. తాళం దొంగకు ఆలస్యం చేస్తుంది, చప్పుడు చేయిస్తుంది, "ఇది కాదులే, ఇంకోటి చూద్దాం" అనిపిస్తుంది. అంతే. మేం వాడిన సన్నటి కేబుల్ తాళం ఆ మాత్రం పని కూడా చేయదు. కటింగ్ ప్లేయర్ కన్నా కాస్త పెద్ద పనిముట్టు ఉంటే క్షణాల్లో తెగిపోతుంది.

గట్టి ఉక్కుతో చేసిన యూ ఆకారపు తాళం మేలు. అందులోనూ పేరు చూసి మోసపోకూడదు. గుండ్రటి గొట్టం లాంటి తాళంచెవితో తెరుచుకునే పేరున్న యూ తాళాలను మామూలు బాల్‌పెన్ను గొట్టంతో తెరవొచ్చని 2004లో బయటపడింది. ఆ వీడియోలు ఇంటర్నెట్లో పాకిపోయి, తయారుచేసిన కంపెనీ పాత తాళాలు తీసుకుని కొత్తవి ఇవ్వవలసి వచ్చింది. అలాంటి గుండ్రటి చెవి ఉన్న పాత తాళం మీ గరాజులో ఇంకా ఉంటే మార్చేయండి.

ఇక ఎలా వేయాలన్నది. మసాచుసెట్స్‌లో సైకిలు మెకానిక్‌గా పేరు తెచ్చుకున్న షెల్డన్ బ్రౌన్ 2008లో పోయారు గానీ, ఆయన రాసిన సలహాలు సైకిలు ప్రియులు ఇప్పటికీ చదువుతూనే ఉంటారు. ఆయన చెప్పింది ఇది: వెనక చక్రానికి అటూ ఇటూ ఫ్రేము ఒక త్రికోణంలా ఉంటుంది. ఆ త్రికోణం లోపల ఉన్న రిమ్మునూ, స్టాండునూ కలిపి యూ తాళం వేయాలి. అప్పుడు చక్రం ఫ్రేములోంచి బయటికి రాదు గనక రెండూ నిలుస్తాయి. వీలైతే ఫ్రేము గొట్టాన్ని కూడా కలిపితే మరీ మంచిది. ముందు చక్రం ఒక్కదానికే తాళం వేస్తే, దొంగ ఆ చక్రం ఊడదీసి అక్కడే వదిలేసి మిగతా సైకిలు పట్టుకుపోతాడు.

సైకిళ్ళు బజార్లోనే పోతాయనుకుంటాం. తలుపు తెరిచి ఉంచిన గరాజులోంచి, పిల్లలు ఇంటి ముందు గడ్డి మీద పడేసిన చోటి నుంచి కూడా పోతాయి. భోజనానికి పిలిస్తే సైకిలు ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తుకొచ్చే అలవాటు మన పిల్లలందరికీ ఉన్నదే కదా!

మన ఊళ్ళో బిళ్ల

సీరియల్ నంబరు గురించి చదువుతూంటే మా ఊరు గుర్తొచ్చింది. మా నాన్నగారి కాలంలో సైకిలుకు కూడా పన్ను ఉండేది. కట్టినవాళ్ళకు చిన్న లోహపు బిళ్ల ఇస్తే దాన్ని సైకిలుకు తగిలించుకునేవారు. చైన్ కవరు మీద పెయింటరు చేత పేరు, ఊరు రాయించుకునేవారు కొందరు. సినిమాహాలు స్టాండులో చీటీ చింపి ఒక ముక్క సైకిలుకు, ఒక ముక్క మనకు ఇచ్చేవారు. అప్పట్లో బిళ్ల అంటే పన్ను గొడవగానే అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ బిళ్ల, ఆ పేరు, ఆ చీటీ ముక్క అన్నీ "ఈ సైకిలుకు ఒక మనిషి ఉన్నాడు" అని నలుగురికీ చెప్పేవే.

ఇప్పుడా పని సీరియల్ నంబరు చేస్తుంది. చాలా సైకిళ్ళకు అది పెడళ్ళు కలిసే చోట, ఫ్రేము అడుగున చెక్కి ఉంటుంది. సైకిలు తిరగేస్తే కనిపిస్తుంది. అమెరికాలో 2013లో మొదలైన బైక్ ఇండెక్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ దగ్గర ఆ నంబరు ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. బ్రిటన్‌లో ఉన్న మన బంధువులకు బైక్ రిజిస్టర్ ఉంది. అక్కడి పోలీసులు దాన్ని చూస్తారు. జపాన్‌లోనైతే 1994 నుంచి సైకిలు నమోదు చేయించడం చట్టప్రకారం తప్పనిసరి.

నమోదు చేసినంత మాత్రాన దొంగ ఆగడు. దొరికిన సైకిలు ఎవరిదో తెలుసుకోవాలనుకునే మనిషికి అది దారి చూపిస్తుంది. మరి అలా తెలుసుకోవాలనుకునే మనుషులు ఉన్నారా? మావాడు అడిగింది సరిగ్గా ఇదే.

పర్సుల పరీక్ష

తాళమే అక్కర్లేని సైకిళ్ళ కోసం ఒకసారి ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రయత్నం జరిగింది. 1965లో ప్రోవో అనే యువకుల బృందం కొన్ని సైకిళ్ళకు తెల్లరంగు వేసి, ఎవరైనా ఎక్కి వెళ్ళి ఎక్కడైనా వదిలేయవచ్చని వీధుల్లో పెట్టింది. తాళం వేయకుండా సైకిలు వదలడం చట్టవిరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. తిరిగి వచ్చాక ఆ కుర్రాళ్ళు వాటికి నంబరు తాళాలు వేసి, ఆ నంబరును సైకిలు మీదే రాసిపెట్టారట! ఈ కథ చెబితే మావాడు చాలారోజుల తర్వాత నవ్వాడు.

నవ్వు సంగతి అలా ఉంచి, లెక్కల్లోకి వద్దాం. 2019లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అలెయిన్ కోన్, ఆయన తోటి పరిశోధకులు 40 దేశాల్లో, 355 నగరాల్లో, 17 వేలకు పైగా పర్సులతో మనుషుల్ని పరీక్షించారు. వాళ్ళ మనిషి బ్యాంకుకో, హోటలుకో, పోస్టాఫీసుకో వెళ్ళి, "ఇది రోడ్డు మీద దొరికింది, నేను తొందరలో ఉన్నాను, మీరు చూడండి" అని కౌంటరు దగ్గర ఇచ్చి వెళ్ళిపోతాడు. పర్సులో యజమాని చిరునామా కార్డులు, ఇంటికి కావలసిన సరుకుల చీటీ, ఒక తాళంచెవి ఉంటాయి. కొన్నింట్లో డబ్బు ఉండదు, కొన్నింట్లో పదమూడు డాలర్లకు పైగా ఉంటుంది. ఆ దేశాల్లో మన ఇండియా కూడా ఉంది.

డబ్బున్న పర్సే ఎక్కువగా మాయమవుతుందని ఎవరైనా అనుకుంటారు. ముందుగా అడిగితే ఆర్థికశాస్త్రవేత్తలు కూడా అలా జరుగుతుందని ఊహించలేకపోయారు. కానీ డబ్బు లేని పర్సుల యజమానులకు 40 శాతం మంది కబురు చేస్తే, డబ్బున్న పర్సుల యజమానులకు 51 శాతం మంది కబురు చేశారు. అమెరికా, బ్రిటన్, పోలండ్ దేశాల్లో 94 డాలర్లు పెట్టి చూస్తే అది 72 శాతానికి పెరిగింది!

ఎందుకంటే, డబ్బు ఎక్కువయ్యేకొద్దీ "ఉంచేసుకుంటే నేను దొంగనవుతాను" అన్న భావం బలపడుతుందట. రెండో కారణం పోగొట్టుకున్నవాడి మీద జాలి. అది ఎలా తెలిసిందంటే, ఆ మూడు దేశాల్లోనూ డబ్బుతోపాటు తాళంచెవి కూడా ఉన్న పర్సులు ఇంకా ఎక్కువ తిరిగొచ్చాయి. ఆ తాళంచెవి దొరికినవాడికి ఎందుకూ పనికిరాదు, పోగొట్టుకున్నవాడికే కావాలి.

మరో పరీక్ష సైకిళ్ళ మీదే జరిగింది. ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో సైకిళ్ళు పెట్టే మూడు చోట్ల "సైకిలు దొంగలారా, మేం చూస్తున్నాం" అని రాసి, పెద్ద కళ్ళ బొమ్మలతో బోర్డులు పెట్టారు. 2012లో అచ్చయిన ఫలితాల ప్రకారం ఏడాదిలో అక్కడ దొంగతనాలు 62 శాతం తగ్గాయి. అయితే బోర్డులు లేని మిగతా చోట్ల 65 శాతం పెరిగాయి. అంటే దొంగ మారలేదు, చోటు మార్చాడు. బొమ్మ కళ్ళ ప్రభావం మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. నిజం కళ్ళు ఉన్న చోట, అంటే నలుగురూ తిరిగే వెలుతురులో సైకిలు పెట్టుకోవడం మంచిదనడానికి మాత్రం ఏ బోర్డూ అక్కర్లేదు.

ఫోను మోగింది

సైకిలు పోయిన పందొమ్మిదో రోజు సాయంత్రం మా ఆవిడకు ఫోను వచ్చింది. అవతల ఒక పెద్దాయన గొంతు. వాళ్ళ అపార్ట్‌మెంట్ల వెనక, కాలువ గట్టు పొదల్లో నీలం సైకిలు పడి ఉందనీ, సీటు కింద ఈ నంబరు ఉందనీ చెప్పాడు.

వేసవి క్యాంపుకు పంపేటప్పుడు మా ఆవిడ నీళ్ళ సీసాకూ, టోపీకీ, లంచ్ డబ్బాకూ నంబరు అంటించింది. ఆ ఊపులోనే సైకిలు సీటు కింద కూడా టేపు అంటించి నంబరు రాసింది. అప్పుడు నేను నవ్వాను. తర్వాత ఇద్దరమూ ఆ సంగతే మరిచిపోయాం.

మేం వెళ్ళేసరికి సైకిలు ముందు చక్రం కాస్త వంగి, రంగు గీసుకుపోయి ఉంది. అయినా పెద్దాయన దాన్ని శుభ్రంగా కడిగి, రెండు టైర్లకూ గాలి కొట్టి సిద్ధంగా పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "నా మనవడిదీ ఒకటి పోయింది. ఎవరైనా ఫోను చేస్తారేమోనని వాడు చాలా రోజులు చూశాడు" అన్నాడు.

మావాడు థాంక్స్ చెప్పి, కాసేపు ఆగి, "ఆ సైకిలు ఏ రంగు?" అని అడిగాడు.

"ఎరుపు" అన్నాడాయన.

మన వంతు

కొత్తగా చదువుకోవడానికి వచ్చే మన విద్యార్థులు మొదటి నెలలో కొనే వస్తువుల్లో సెకండ్‌హ్యాండ్ సైకిలు ఒకటి. నాలుగు వందల డాలర్ల సైకిలు యాభైకే వస్తోందంటే ఒక్క నిమిషం ఆగండి. అడుగున నంబరు చూడండి, బైక్ ఇండెక్స్‌లో వెతకండి. అమ్మేవాడిని రసీదు అడగండి. నంబరు అరగదీసి ఉన్నా, అమ్మేవాడు నీళ్ళు నమిలినా కొనకండి. కొనేవాళ్ళు లేకపోతే దొంగసొత్తు ఎవరికి అమ్ముతారు?

ఈ వారాంతం పిల్లలతో కలిసి అరగంటలో చేయగల పనులు ఇవి:

• ఇంట్లో ఉన్న సైకిళ్ళన్నీ తిరగేసి, సీరియల్ నంబర్లు రాసుకోండి.
• సైకిలు మొత్తం కనిపించేలా ఫోటో తీయండి. రసీదుతో కలిపి దాచండి.
• నంబరును ఉచితంగా నమోదు చేయండి.
• సీటు కింద అమ్మ లేదా నాన్న ఫోను నంబరు అంటించండి. పిల్లల పేరు, ఇంటి అడ్రసు రాయనక్కర్లేదు.
• వెనక చక్రం, ఫ్రేము, స్టాండు మూడూ కలిసేలా యూ తాళం వేయడం పిల్లల చేతనే చేయించండి.
• స్టాండు నేలలో గట్టిగా దిగి ఉందో లేదో ఒకసారి ఊపి చూడమనండి.
• పోయిన సైకిలు ఎక్కడైనా కనిపించినా, దాచిపెట్టిన ట్రాకర్ చోటు చూపించినా పిల్లలు గానీ పెద్దలు గానీ సొంతంగా వెళ్ళకండి. పోలీసులకు చెప్పండి.

చక్రం బాగు చేయించి, కొత్త యూ తాళం కొనిచ్చాక మావాడు మళ్ళీ లైబ్రరీకి వెళ్తున్నాడు. తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుంటాడు. సీటు కింద టేపు చిరిగితే వాడే కొత్తది అంటించాడు. "నమ్మాలా వద్దా" అని మళ్ళీ అడగలేదు. నేనూ ఉపన్యాసం ఇవ్వలేదు.

కాలువ గట్టు మీదుగా వెళ్ళినప్పుడు మాత్రం ప్రతిసారీ కాస్త మెల్లగా తొక్కుతాడు. పొదల్లోకి చూస్తూ వెళ్తాడు, ఎర్ర సైకిలు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని.