కొత్త మందు - ఆరు నిమిషాల నడక

అక్కల్లారా, డోన్ రైలు స్టేషన్‌లో మెట్లెక్కితే ఎవరికైనా కొంచెం ఆయాసం వస్తుంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. కాని కొందరికి నాలుగడుగులు వేసినా ఆయాసమే. కాళ్లు వాస్తాయి. కళ్లు తిరిగి పడిపోతారు. దీనికి చాలా కారణాలుంటాయి. వాటిలో ఒకటి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బి.పి. పెరగడం.

గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం పోయే నాళాలు సన్నబడతాయి. సన్నని పైపులోంచి నీళ్లు తోడే మోటారులా గుండె కష్టపడుతుంది. చివరికి అలసిపోతుంది. చేతికి పట్టీ కట్టి చూస్తే ఈ బి.పి. తెలియదు. ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ.

దీనికి మందులున్నాయి. అవి చాలనివాళ్లకు వాటితోపాటు ఇచ్చే కొత్త సూదిమందు సోటాటర్‌సెప్ట్. అది పనిచేస్తుందని ఎలా తెలిసింది?

323 మంది పెద్దవాళ్లు పరీక్షకు ఒప్పుకున్నారు. ఎవరి పాత మందులూ ఆపలేదు. సగం మందికి కొత్త మందు, సగం మందికి మందు లేని సూది, మూడు వారాలకొకసారి వేశారు. ఎవరికి ఏదో చీటీలు తీసినట్టు తేల్చారు. రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఎందుకలా? సూది పడిందన్న ధైర్యంతోనే కొందరికి హుషారొస్తుంది. అది మందు గుణమో, ధైర్యమో తేలాలి కదా!

24 వారాల తరువాత అందరినీ ఆరు నిమిషాలు నడిపించి చూశారు. కొత్త మందు వాళ్ల నడక మిగతావాళ్లకంటే సుమారు 40 మీటర్లు ఎక్కువ పెరిగింది. కొందరికి ముక్కులోంచి రక్తం కారింది, కళ్లు తిరిగాయి. ఈ సంగతులన్నీ 2023లో బయటపెట్టారు. 2024 మార్చిలో అమెరికా ఈ మందుకు అనుమతి ఇచ్చింది.

ఇలాంటి పరీక్షలో చేరమని రేపు మనల్నీ అడగవచ్చు. అప్పుడు ఖమ్మం సంగతి గుర్తుంచుకోండి. 2009లో అక్కడ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేసి పరిశీలించారు. చాలామందికి అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. గొడవ జరిగి, 2010లో ఆ పని ఆపించారు. ఆ టీకా మంచిదే. కన్నవాళ్లను అడగకపోవడమే తప్పు.

2019 నిబంధనల ప్రకారం ఒప్పంద పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రానివాళ్ల పక్కన సాక్షి ఉండాలి. ఇష్టం లేకపోతే మధ్యలోనైనా మానుకోవచ్చు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి.

నిన్న వేలిముద్ర వేసిన చెయ్యి ఈ రోజు సంతకం పెడుతోంది. ముందు చదవండి. తెలియనిది అడగండి. ఆ తరువాతే సంతకం!