లైనక్సుపై భయానక క్రీడలు – కొనుట, ఆడుట

మన పాఠశాలలో పై తరగతులు చదువుచున్న పిల్లల తల్లిదండ్రులు ఈ మధ్య నన్ను తరచుగా ఒక విషయమును గూర్చి అడుగుచున్నారు. ఇంటనున్న కంప్యూటరులో లైనక్సు కలదు. పిల్లవాడు దానిపై దయ్యముల ఆటలు ఆడెదనని పట్టుపట్టుచున్నాడు. కొనిపెట్టుమని యడుగుచున్నాడు, లేదా ఎక్కడినుండియో ఊరకనే దింపుకొనుచున్నాడు. ఇది తగునా? కొనదలచినచో ఎట్లు కొనవలెను? ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె ఈ వార్షిక సంచికలో అందరికిని ఒక్కమారు చెప్పుట మేలని తోచినది.

లైనక్సు నిన్న మొన్న పుట్టినది కాదు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దానికి అంకురార్పణ చేసెను. తమిళనాడు ప్రభుత్వము 2011లో విద్యార్థులకు ఉచితముగా పంచ నారంభించిన ల్యాప్‌టాపులలో విండోసుతో పాటు ‘బాస్’ అను లైనక్సు కూడ ఉండెను. వెల లేనిది, పాత యంత్రముపై కూడ నడచునది గనుక మన యిండ్లలో నిలిచినది. అయితే ఆటలు తయారుచేయువారిలో పెక్కుమంది విండోసును మాత్రమే దృష్టియం దుంచుకొందురు. వారి లెక్కలో లైనక్సువారు అల్పసంఖ్యాకులు.

అందువలన లైనక్సుపై ఆటలు రెండు విధములుగా నడచును. కొన్ని లైనక్సు కొరకే కూర్పబడి వెలువడును. వీనిని నేటివ్ ఆటలందురు. మాతృభాషలో వ్రాసిన పాఠ్యపుస్తకము వంటివి. తక్కినవి విండోసు కొరకు వ్రాసినవే. వానికిని యంత్రమునకును నడుమ ఒక దుభాషి కూర్చుండి అర్థము చెప్పుచుండును. ఆ దుభాషి పేరు ప్రోటాన్. స్టీమ్ అను ఆటల దుకాణమును నడుపు వాల్వ్ సంస్థ దీనిని 2018లో విడుదల చేసెను. ఈ దుభాషి మిక్కిలి సమర్థుడు. సమర్థుడగుటచేతనే, ఇక ప్రత్యేకముగా లైనక్సు ప్రతి యెందులకని తలచు తయారీదారులు కూడ కలరు.

ఒక తరగతిలో పదిమంది గాని, పాఠశాల మొత్తమున నలువదిమంది గాని ఉన్నచో మాతృభాషలో బోధన కల్పింపవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము నిర్ణయించిన సంగతి మనలో పెద్దలకు తెలియును. ఆటల వర్తకమున అట్టి నియమమైనను లేదు. కొనువారు కనబడినచో లైనక్సు ప్రతి వెలువడును, కనబడనిచో మానుదురు. లింబో అను డెన్మార్కు ఆట యిందుకు మంచి నిదర్శనము. 2012లో అది లైనక్సువారికి దుభాషిని లోపల దాచి పెట్టుకొనియే వచ్చెను. కొన్నవారిలో పలువురు ఇది అసలు ప్రతి కాదని ఆక్షేపించిరి. 2014లో నిజమైన నేటివ్ ప్రతి వెలువడెను.

నేటివ్ అయినంత మాత్రమున అన్ని విధముల మేలని నేననను. పూర్వపు 32 బిట్ల ఆటలు కొన్ని నేటి లైనక్సులో కావలసిన పాత లైబ్రరీలు లేక తెరచుకొననే తెరచుకొనవు. అచ్చట దుభాషియే గతి.

పెద్ద సంస్థల పెట్టుబడి లేక కొద్దిమంది కలిసి చేయు ఆటలను ఇండీ ఆటలందురు. భయానక క్రీడలలో లైనక్సువారిని ఆదినుండి ఆదరించినవారు స్వీడను దేశపు ఫ్రిక్షనల్ గేమ్స్ వారు. వారి ‘ఆమ్నీసియా: ది డార్క్ డిసెంట్’ 2010 సెప్టెంబరు 8వ తేదీన విండోసు, మ్యాక్, లైనక్సు మూడింటికిని ఒకే దినమున విడుదలయ్యెను. 1839వ సంవత్సరము. డేనియల్ అనువాడు జ్ఞాపకము కోల్పోయి బ్రెన్నెన్‌బర్గు కోటలో మేల్కొనును. చేతిలో ఆయుధము లేదు. లాంతరులో నూనె కొద్ది. చీకటిలో నిలిచినచో మతి చలించును; వెలుగులో నిలిచినచో భూతము కనిపెట్టును; భూతమును తేరిపార జూచినను మతి చలించును. భయమంతయు ఈ చిక్కులోనే యున్నది గాని నెత్తుటి బొమ్మలలో లేదు. మన పాతకాలపు దయ్యపు కథలు చెప్పు ముసలమ్మలు ఎరిగిన కిటుకే యిది. 2015లో వారి ‘సోమా’ కూడ లైనక్సు ప్రతితో వచ్చెను. 2020లో ఆమ్నీసియా సోర్సు కోడును వారు అందరికిని విడిచిపెట్టిరి. ప్రోగ్రాములు నేర్చుకొను పిల్లలకు అది పాఠమగును.

ఇక కొనుట. లైనక్సువారు ఉచితమునకు అలవాటుపడినవారు, డబ్బీయరు అను అపవాదు ఒకటి కలదు. 2010 మే నెలలో హంబుల్ ఇండీ బండిల్ అను పేర కొన్ని ఆటలను, కొనువారు తమకు తోచిన ధర యిచ్చు పద్ధతిపై అమ్మిరి. ఫ్రిక్షనల్ వారి ‘పెనంబ్రా’ అందులో నొకటి. లైనక్సువారు సగటున విండోసువారికంటె ఎక్కువ సొమ్మిచ్చిరి.

నేడు ముఖ్యమైన దుకాణములు మూడు. స్టీమ్‌లో ధర రూపాయలలో ఉండును. ఆట పుటలో కనీసావసరములు చెప్పుచోట లైనక్సు పేరు కూడ ఉన్నదా యని చూడవలెను. కొన్న పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు మించి ఆడకున్నచో, సొమ్ము తిరిగి యిత్తురు. కాని అక్కడ మనము కొనునది ఆట కాదు, ఆడుకొను అనుమతి మాత్రమే. 2024నుండి కొనునప్పుడే ఆ మాట తెరపై చూపుచున్నారు. గాగ్ దుకాణమున తాళము లేని ఫైలు మన చేతికి వచ్చును, దాచుకొనవచ్చును. ఇచ్.ఐఓలో చిన్న రచయితలు తామే అమ్ముదురు. ఈ రెండుచోట్ల దింపుకొన్న ఫైలును నొక్కినను కదలకున్నచో కంగారుపడవలదు. ఫైలు లక్షణములలో దానిని ప్రోగ్రాముగా నడుపుటకు అనుమతి యీయవలసియుండును.

డబ్బులేనివాని మాట యేమి? పోలెండు దేశమున కొద్దిమంది కలిసి చేసిన ‘డార్క్‌వుడ్’ అను ఆట 2017 ఆగస్టులో వెలువడెను. దానికిని లైనక్సు ప్రతి కలదు. కొన్నవారిలో ఒకరు, నెలాఖరు బిల్లు జూచి తల్లిదండ్రులు కలతపడకుండుటకై సొమ్ము తిరిగి యిమ్మని వ్రాసిరట. అది చదివి ఆ రచయితలు, కొనలేనివారు ఆడుకొనుటకై, వైరసు లేని ప్రతిని తామే దొంగ ప్రతుల స్థలమున ఉంచిరి. నచ్చినచో తరువాత కొనుడనిరి. చౌకకు ‘కీ’లు అమ్ము మారుబేరగాండ్రవద్ద మాత్రము కొనవలదనిరి. అది వారు తమ సొత్తును తాము ఇచ్చుట. ఊరుపేరు లేని స్థలములనుండి దింపుకొనుట అట్టిది కాదు. అందు ఆటతో పాటు మరేమి వచ్చునో తెలియదు.

వయస్సు మాట కచ్చితముగా చెప్పవలెను. అమెరికావారి శ్రేణీకరణలో ఆమ్నీసియా, సోమా రెండును ‘ఎం’ తరగతివి, అనగా పదునేడేండ్లు దాటినవారికి. పదవ తరగతి పిల్లవానికి అవి వలదు. లింబో ‘టీ’ తరగతిది, పదుమూడేండ్లు దాటినవారికి; నలుపు తెలుపుల నీడచిత్రములతో, చెల్లెలిని వెదకుచు అడవిలో పోవు బాలుని కథ. అయినను ఆ బాలుడు పలుమారులు ఘోరముగా చనిపోవును గనుక, కొనుటకు ముందు దాని దృశ్యములు కొన్ని మీరే చూడుడు. స్టీమ్‌లో 2024నుండి ఉన్న కుటుంబ ఏర్పాటులో, పిల్లవాని ఖాతాకు ఏ ఆటలు తెరువవలెనో, దినమునకు ఎన్ని గంటలో తల్లిదండ్రులే నిర్ణయింపవచ్చును. ఆ ఖాతా రహస్యపదము మీవద్దనే ఉంచుకొనుడు. కొన్న మొదటి సాయంత్రమే, రెండు గంటల గడువు దాటకముందే, ఆట మీ యంత్రముపై సాఫీగా నడచుచున్నదో లేదో పిల్లవానిచేత మీ యెదుట చూపించుకొనుడు.